జుబ్బా హక్కే, లుంగీ కూడా హక్కే

బిట్రగుంట, బోగోలు, కావలి ప్రాంతాల మస్జిదులలో జుమా వరుసలను గమనించేవారికి ఈ పదిహేనేళ్ళలో వచ్చిన ఒక మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. అంతకుముందు ఆ వరుసలలో ప్యాంటు చొక్కాలు, కుర్తా పైజామాలు, గళ్ళ లుంగీలు ఉండేవి. చీలమండల దాకా దిగే పొడవాటి అరబ్బు అంగీ ఇమాం సాహెబ్ ఒంటిమీదో, గల్ఫు నుండి సెలవు మీద వచ్చిన ఒకరిద్దరి ఒంటిమీదో తప్ప కనిపించేది కాదు. నేడు ఇంటర్ చదివే పిల్లలు, సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేసే యువకులు, ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగానికి ఎదురుచూస్తున్నవారు కూడా జుబ్బాతో నమాజుకు వస్తున్నారు. అందులోనూ రకాలు. సౌదీ తోబ్‌కు చొక్కా కాలరు ఉంటుంది. ఒమాను దిష్‌దాషాకు కాలరు ఉండదు, మెడ దగ్గర చిన్న కుచ్చు వేలాడుతుంది. ఇప్పుడు యువకుల మనసు దోచుకుంటున్నది మొరాకో జుబ్బా. దానికి వెనుక టోపీలాంటి ముసుగు, ఛాతీ మీద అల్లిక పని ఉంటాయి. పండుగకు మాత్రమే కాదు, సాయంత్రం టీ అంగడికి, పెళ్ళి పిలుపులకు, బజారుకు కూడా దానినే వేసుకుంటున్నారు.

ఈ మార్పును చూసి మన పెద్దలలో కొందరు మురిసిపోతున్నారు, కొందరు భయపడుతున్నారు. మురిసేవారు దీనిని దీన్ పట్ల పెరిగిన శ్రద్ధగా భావిస్తున్నారు. భయపడేవారు పరిస్థితులు బాగాలేని ఈ రోజులలో పదిమందిలో వేరుగా కనిపించడం ఎందుకని వాదిస్తున్నారు. ఈ రెండు వాదనలతోనూ మేము ఏకీభవించలేము. తనకు నచ్చిన గౌరవప్రదమైన దుస్తులు ధరించే హక్కు ప్రతి ముస్లింకు, ప్రతి పౌరునికి ఉంది. జుబ్బా వేసుకున్నవానిని అనుమానించే హక్కు బయటివారికి లేదు. జుబ్బా వేసుకోనివానిని తక్కువ ముస్లింగా చూసే హక్కు లోపలివారికీ లేదు. ఈ రెండింటిలో ఒకదానిని గురించే మాట్లాడి రెండవదానిని దాటవేయడం మన సభలలో అలవాటైపోయింది.

ముందుగా ఈ మొరాకో అంగీ సంగతి చూద్దాం. దాని అసలు పేరు జెల్లాబా. ఆఫ్రికా ఖండపు వాయవ్య కొసన, ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, మరొకవైపు అట్లాస్ పర్వతాలు ఉన్న దేశం మొరాకో. ఆ పర్వతాలలో శీతకాలం మంచు కురుస్తుంది. అందుకే అక్కడి జెల్లాబాను ఉన్నితో నేసేవారు. వెనుక ఉండే ముసుగు చలికి, గాలికి, ఎడారి ఇసుకకు రక్షణ. ఎండాకాలానికి పలుచని నూలు జెల్లాబాలు వేరే ఉంటాయి. ముసుగు లేకుండా, చేతులు పొట్టిగా ఉండే గందూరా అనే మరొక అంగీ కూడా ఉంది. అంచుల వెంట కుట్టే పట్టీని స్ఫీఫా అని, ముడులతో అల్లిన చిన్న బొత్తాలను అకాద్ అని అంటారు. అవి నేర్పుగల చేతిపనివారి సొత్తు. అక్కడ ఆడవారు కూడా జెల్లాబా ధరిస్తారు. మొరాకో పార్లమెంటు సమావేశాలు ప్రారంభమయ్యే రోజున సభ్యులు తెల్లని జెల్లాబాలతో హాజరవుతారు.

అంతమాత్రాన మొరాకో పురుషులందరూ రోజంతా జెల్లాబాలోనే ఉంటారని అనుకోవద్దు. వారి నగరాలలో కార్యాలయానికి, కర్మాగారానికి, కళాశాలకు వెళ్ళేవారు మనలాగే ప్యాంటు చొక్కా వేసుకుంటారు. శుక్రవారం వచ్చిందంటే అవే చేతులు జెల్లాబా తొడుక్కుంటాయి. కాళ్ళకు బల్‌ఘా అనే తోలు చెప్పులు వేసుకొని మస్జిదుకు వెళ్ళి, ఇంటికి వచ్చి కుటుంబమంతా కలిసి కుస్‌కుస్ భోజనం చేస్తారు. రంజాన్‌లోను, ఈద్‌కు అంతే. జీన్సు ప్యాంటు మీదనే జెల్లాబా తొడుక్కుని నడిచే కుర్రవాళ్ళు అక్కడి వీధులలో మామూలు దృశ్యం. అంటే ఆ దేశస్థులు దానిని ఇంటి బట్టగా, పండుగ బట్టగా, తమ నేల గుర్తుగా హాయిగా ధరిస్తున్నారు. వారికది పరీక్షా కాదు, ప్రకటనా కాదు.

దానిని మన నెల్లూరు తీరానికి తెచ్చుకునేటప్పుడు కాస్త ఆలోచించవలసి ఉంది. మంచు కొండల కోసం పుట్టిన ముసుగును రోహిణీ కార్తెలో, సముద్రపు ఉక్కపోతలో, అదీ పాలిస్టరు గుడ్డతో కుట్టించుకుని నెత్తిన వేసుకునే కుర్రవాళ్ళను చూస్తే జాలి కలుగుతుంది. ఇది మేము మతం పేరుతో చెబుతున్న మాట కాదు, చెమట పేరుతో చెబుతున్న మాట.

జుబ్బా పరాయిది, మన సంస్కృతి కాదు అనే మాట తరచుగా వినబడుతుంది. ఈ మాట అనేవారు తెలుగు భాషను ఒకసారి తడిమి చూసుకోవాలి. జుబ్బా అరబీ పదం. మన పల్లెలలో కులమతాల తేడా లేకుండా పెద్దమనుషులు పంచె మీద వేసుకునే వదులు చొక్కాను తెలుగువారు తరతరాలుగా ఏమంటున్నారు? జుబ్బా అనే. ఆ చొక్కాకున్న జేబు అరబీ నుండి వచ్చింది. కుట్టిచ్చే దర్జీ, లోపల వేసే అస్తరు, భుజాన వేసుకునే రుమాలు, కాళ్ళకు తొడిగే పైజామా పారసీ నుండి వచ్చాయి. ఇక బొత్తాం, కాజా పోర్చుగీసువారు ఇచ్చిపోయిన మాటలు. ఒక్క చొక్కా కుట్టించుకోవడానికి తెలుగువాడు అన్ని దేశాల మాటలు వాడుతూ, పొరుగింటి పిల్లవాడి జుబ్బాను పరాయిదంటే అది భాష తెలియనితనం.

మాటలే కాదు, గుడ్డ కూడా అటూ ఇటూ ప్రయాణం చేసింది. మన రైలు మార్గంలోనే రెండు వైపులా చూడండి. బిట్రగుంట నుండి ఉత్తరానికి పోతే ఒంగోలు దాటిన తరువాత చీరాల వస్తుంది. నూలును నూనెలోను, బూడిద నీటిలోను పదేపదే నానబెట్టి, ఎరుపు నలుపు తెలుపు రంగులతో చీరాల నేతగాళ్ళు నేసిన తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. అక్కడి పురుషులు వాటిని తలకు చుట్టుకునేవారు. నూనె పట్టిన నూలు తలను చల్లగా ఉంచుతుందని, దుమ్ము పట్టనివ్వదని వారికి వాటిపై మక్కువ. దక్షిణానికి పోతే నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట దాటిన తరువాత పులికాట్ సరస్సు, దాని ఒడ్డున తమిళనాడు వైపు పులికాట్ పట్టణం ఉన్నాయి. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు అక్కడ గెల్డ్రియా కోట కట్టుకుని కోరమండల్ తీరపు గుడ్డలను తూర్పు దీవులకు పంపేవారు. నేటికీ మలేషియాలో ముస్లిం పురుషులు నమాజుకు కట్టుకునే గళ్ళ లుంగీ పేరు 'కాయిన్ పెలికాట్'. అంటే పులికాట్ గుడ్డ అని అర్థం.

ఈ సంగతిని మన యువకులు కొంచెం తీరికగా ఆలోచించాలని మా కోరిక. ఇక్కడి నూర్‌బాషా తాత కట్టుకున్న గళ్ళ లుంగీని చూసి ఇది నమాజుకు తగిన బట్టేనా అని మనవడు మొహమాటపడుతున్నాడు. మలేషియాలో మరొక మనవడు అదే లుంగీని మడత నలగకుండా ఇస్త్రీ చేయించుకుని, అది కట్టుకుంటేనే నమాజుకు నిండుదనమని భావిస్తూ మస్జిదుకు వెళుతున్నాడు.

టోపీ కథ కూడా ఇలాంటిదే. నిజాం కాలపు హైదరాబాదులో పెద్దమనిషితనానికి గుర్తుగా నిలిచిన కుచ్చు టోపీని రూమీ టోపీ అనేవారు. తుర్కీ నుండి వచ్చింది కాబట్టి ఆ పేరు. ఇంగ్లీషువారు దానిని ఫెజ్ అన్నారు, అది మొరాకోలోని ఫెజ్ నగరం పేరు. 1829లో తుర్కీ సుల్తాను రెండవ మహమూద్ పాత తలపాగాను తీయించి తన ఉద్యోగులకు ఈ టోపీ పెట్టించాడు. అప్పుడు దీనిని కొత్త పోకడ అని ఛాందసులు గొణిగారు. సరిగా తొంభై ఆరేళ్ళ తరువాత, 1925లో, ముస్తఫా కమాల్ అదే టోపీని పాత పోకడ అని చట్టం చేసి నిషేధించాడు. ప్రజల తలల మీద ఏముండాలో పాలకులు నిర్ణయించిన రెండు సందర్భాలివి. మధ్యలో ఇస్లాం మారలేదు, టోపీ అర్థం మాత్రమే మారింది. మన హైదరాబాదు రాజ్యంలో షేర్వాణీని హిందువులు, ముస్లిములు అనే భేదం లేకుండా ఉద్యోగులు, వకీళ్ళు ధరించేవారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ షేర్వాణీ ధరించారు. మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ ఖద్దరు ధరించారు. ఈ ఇద్దరిలో ఎవరి దీన్ ఎక్కువని తూచడానికి పూనుకునే సాహసం ఎవరికైనా ఉంటుందా?

ఇక ధర్మం ఏమి చెబుతుందో చూద్దాం. మేము ఆలిములము కాము. ఆలిముల వద్ద విన్నదీ, తెలుగులో లభించే గ్రంథాలలో చదివినదీ మాత్రమే ఇక్కడ పేర్కొంటున్నాము. దివ్య ఖుర్‌ఆన్ ఆరాఫ్ సూరాలో దుస్తులు శరీరాన్ని కప్పుకోవడానికి, అందానికి కూడా అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహమని చెప్పి, వాటన్నిటికన్నా భయభక్తుల వస్త్రం మేలైనదని తెలియజేసింది. పురుషుడు నాభి నుండి మోకాళ్ళ దాకా కప్పుకోవాలి, పట్టు ధరించరాదు, గర్వంతో బట్టను నేల మీద ఈడ్చరాదు, ఆడంబరం కోసం బట్ట కట్టరాదు. హద్దులు ఇవి. ఈ హద్దుల లోపల ఏ దేశపు కట్టు అయినా ముస్లిం కట్టే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారికి దుస్తులలో ఖమీస్ అంటే మిక్కిలి ఇష్టమని ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఆ ఇష్టాన్ని అనుసరించి ఒక యువకుడు పొడవాటి అంగీ ధరిస్తే, ఆ ప్రేమకు ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంటుందని మేమూ ఆశిస్తాము. దానిని చులకన చేయము.

అదే సమయంలో బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ముగీరా బిన్ షోబా (రజి) ఉల్లేఖించిన మరొక సంఘటనను కూడా గుర్తుచేసుకోవాలి. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) వారు షామ్ దేశపు జుబ్బా ధరించి ఉన్నారు. వుజూ చేసుకునేటప్పుడు దాని చేతులు ఇరుకుగా ఉండి పైకి మడవడానికి వీలుకాలేదు. అప్పుడు వారు చేతులను జుబ్బా కింది నుండి బయటకు తీసి కడుగుకున్నారు. షామ్ నాడు రోమను క్రైస్తవ చక్రవర్తి ఏలుబడిలోని ప్రాంతం. పరాయి ప్రభువు నేలలో తయారైన జుబ్బాను ప్రవక్త (స) వారే ధరించారన్నమాట. ఈజిప్టులో పొలం దున్నే ముస్లిం రైతు ఒంటిమీద గలాబియా ఉంటుంది, పక్క చేనులోని కోప్ట్ క్రైస్తవ రైతు ఒంటిమీదా గలాబియానే ఉంటుంది. అరబ్బు నేలలలో పొడవాటి అంగీ ప్రాంతాన్ని చెబుతుంది, విశ్వాసాన్ని చెప్పదు.

ఇప్పుడు లోపలి సంగతి. దీనిని రాయడం కొందరికి నచ్చకపోవచ్చు. రెండేళ్ళ క్రితం మన ప్రాంతంలోని ఒక మస్జిదులో ఇఖామత్ చెప్పగానే మొదటి వరుసలో నిలబడిన ఒక తాపీ మేస్త్రీని, లుంగీ మీద ఉన్నాడనే కారణంతో, కమిటీకి చెందిన ఒకాయన భుజం తట్టి వెనుక వరుసకు వెళ్ళమని సైగ చేశారు. ఆ ఖాళీలోకి మంచి జుబ్బా వేసుకున్న ఒక కుర్రవాడిని పిలిచారు. మేస్త్రీ మారుమాట్లాడకుండా వెనక్కి వెళ్ళాడు. నమాజు అయిన తరువాత మేము పలకరిస్తే, "పోనీలే సార్, సున్నపు చేతులతో వచ్చినోళ్ళం, మాకు ఎక్కడైనా నమాజే కదా" అని నవ్వాడు. ఆయన నూర్‌బాషా. ఆ తరువాత కొన్ని శుక్రవారాలు ఆ మస్జిదులో కనబడలేదు. పక్క ఊరి మస్జిదుకు వెళుతున్నాడని తెలిసింది.

ఈ వ్యవహారాన్ని బట్టల గొడవగా కొట్టిపారేయరాదు. దూది ఏకి బతికిన దూదేకుల వారిని, పరుపులు కుట్టినవారిని, ఉర్దూ రాకుండా ఇంట్లో తెలుగు మాట్లాడేవారిని, పేర్లలో ఊరి తెలుగుదనం మిగిలినవారిని 'సగం ముస్లిములు' అని చూసే చూపు మనలో చాలాకాలంగా ఉంది. ప్రభుత్వ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వారు బీసీ-బి విభాగంలో ఉన్నారు. 2007 నాటి చట్టంతో మరికొన్ని వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. సర్టిఫికెట్ల కోసం, హాస్టలు సీట్ల కోసం వీరందరి హక్కుల గురించి మనం ఉపన్యాసాలు ఇస్తాము. మస్జిదు వరుసలో మాత్రం పాత చూపే మిగిలిపోతే ఆ ఉపన్యాసాలకు విలువ ఏముంది? పొడవాటి జుబ్బా ఆ పాత చూపుకు కొత్త కొలబద్ద కారాదు. మొరాకో జుబ్బా మంచిది కొనాలంటే కూలివాడి రెండు మూడు రోజుల సంపాదన కావాలి. దానిని భక్తికి కొలతగా పెట్టినవారు, తెలిసో తెలియకో, భక్తికి ధర కట్టినవారవుతున్నారు.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మగపిల్లవాడు జుబ్బా వేసుకున్నా, చినుగుల జీన్సు వేసుకున్నా 'వాడి ఇష్టం' అనే ఇళ్ళలోనే, ఆడపిల్ల దుస్తుల మీద నలుగురూ కూర్చుని తీర్పులు చెబుతుంటారు. బురఖా వేసుకుంటానన్న పిల్లను వద్దనే కళాశాలను మనం ప్రశ్నిస్తున్నాము, ప్రశ్నించాలి కూడా. అదే నోటితో ఆమె మాట ఇంట్లో వింటున్నామా?

బయటి ఒత్తిడి ఇంతకన్నా కఠినమైనది. బిట్రగుంట రైలు ఊరు. ఆవిరి ఇంజన్ల కాలంలో లోకోషెడ్డుతో, రైల్వే కాలనీతో పేరు మోసిన ఊరు. చదువుకు, వైద్యానికి, వ్యాపారానికి నెల్లూరు వెళ్ళినా, విజయవాడ వెళ్ళినా, మద్రాసు వెళ్ళినా ఇక్కడివారికి రైలే ఆధారం. అలాంటి ఊరిలో నేడు తల్లులు పిల్లలకు చెప్పే జాగ్రత్త ఏమిటంటే, రైలు ఎక్కేముందు జుబ్బా విప్పి సంచిలో పెట్టుకోమని, టోపీ జేబులో దాచుకోమని. ఆ తల్లులను పిరికివారని మేము అనలేము. 2017 జూన్‌లో ఢిల్లీ నుండి మథుర వైపు వెళ్ళే రైలులో, ఈద్ బట్టలు కొనుక్కుని ఇంటికి పోతున్న హర్యానా బాలుడొకడిని సీటు తగాదాలో మతం పేరుతో దూషించి కత్తులతో పొడిచి చంపారు. 2023 జూలై 31 తెల్లవారుజామున జైపూర్ నుండి ముంబయి వెళుతున్న రైలులో ఒక రైల్వే రక్షకభటుడు తన పై అధికారిని, ముగ్గురు ముస్లిం ప్రయాణికులను తుపాకీతో కాల్చి చంపాడు. ఇవి వార్తలలో చూసిన తల్లికి ధైర్యం చెప్పడం తేలిక కాదు.

2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఈ భయాన్ని ఏనాడో నమోదు చేసింది. గడ్డం, టోపీ, బురఖా వంటి గుర్తులు ముస్లిములకు బహిరంగ ప్రదేశాలలో అనుమానాన్ని, వేధింపును తెచ్చిపెడుతున్నాయని, ఆ గుర్తులున్న పురుషులను విచారణ పేరుతో పట్టుకుపోవడం జరుగుతున్నదని కమిటీ ముందు ఎందరో చెప్పుకున్నారు. ఆ తరువాత పరిస్థితి మెరుగుపడవలసింది పోయి, 2019 డిసెంబరులో జార్ఖండ్‌లోని దుమ్కా ఎన్నికల సభలో సాక్షాత్తు ప్రధానమంత్రి, ఆందోళనలలో నిప్పు పెడుతున్నవారెవరో వారి దుస్తులను బట్టే తెలిసిపోతుందనే అర్థంలో మాట్లాడారు. దేశంలో అత్యున్నత పదవి నుండి వచ్చిన ఆ మాట రైలు పెట్టెలో ఎదుటి సీటు మీద కూర్చున్నవాని చూపు దాకా ప్రయాణిస్తుంది.

ఇది మన దేశానికే పరిమితం కాదు. 1912 నుండి 1956 వరకు మొరాకోను తన రక్షణ రాజ్యంగా ఉంచుకున్న ఫ్రాన్సు, 2023లో తన ప్రభుత్వ పాఠశాలలలో ఆడపిల్లల అబాయాలను, మగపిల్లల ఖమీసులను నిషేధించింది. ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం అదే ఏడాది సెప్టెంబరులో నిషేధాన్ని నిలిపివేయడానికి నిరాకరించింది. పొడవాటి గౌను, పొడవాటి చొక్కా మతచిహ్నమా, మామూలు బట్టా అనేది వేసుకున్న పిల్లవాని పేరును బట్టి నిర్ణయించే స్థితి వచ్చింది.

మన రాజ్యాంగం ఈ విషయంలో మనకు తోడుగానే ఉంది. 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛను ఇచ్చింది. 2014 ఏప్రిల్‌లో నల్సా కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను చర్చిస్తూ, తన దుస్తుల ద్వారా తనను తాను వ్యక్తం చేసుకోవడం కూడా ఆ స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది. 25వ అధికరణం మతస్వేచ్ఛను ఇచ్చింది. సిక్కులు కిర్పాణ్ ధరించడం మతాచరణలో భాగమని ఆ అధికరణంలోనే వివరణ ఉంది. 15వ అధికరణం ప్రకారం దుకాణాలలోకి, హోటళ్ళలోకి, ప్రజలు వాడుకునే స్థలాలలోకి మతం కారణంగా ఎవరినీ అడ్డుకోరాదు. అయితే ఏకరూప దుస్తులు ఉన్నచోట కోర్టులు వేరుగా ఆలోచించాయి. వాయుసేనలో గడ్డం పెంచుకున్న ఉద్యోగి తొలగింపును 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. హిజాబ్ వివాదంలో కర్ణాటక హైకోర్టు 2022 మార్చిలో విద్యార్థినులకు వ్యతిరేకంగా తీర్పు ఇవ్వగా, అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మధ్య భిన్నాభిప్రాయంతో విషయం విస్తృత ధర్మాసనానికి పోయింది.

ఈ తేడా మన పిల్లలకు తెలిసి ఉండాలి. ఏకరూప దుస్తులంటే ఏమిటో బిట్రగుంటకు ఒకరు చెప్పనవసరం లేదు. నీలి దుస్తుల ఫైర్‌మన్లను, తెల్ల దుస్తుల గార్డులను చూసిన ఊరిది. డ్యూటీ దిగిన తరువాత వారు ఏ బట్ట కట్టుకుంటారో ఏ అధికారీ అడగలేదు. పని స్థలంలో కారణం ఉన్న నిబంధనను పాటించడంలో అవమానం లేదు. కదులుతున్న యంత్రాలకు నూనె వేయడం, వాటిని సరిచేయడం వంటి పనులను శిక్షణ పొంది, బిగుతైన దుస్తులు వేసుకున్న కార్మికుడే చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను చెప్పేది. అది జుబ్బాకు ఎంత వర్తించేదో పంచెకు, లుంగీకి, భుజం మీద తువ్వాలుకు కూడా అంతే వర్తించేది. ప్రాణం కాపాడే నిబంధన అది. మోటారు సైకిలు చైనులో జుబ్బా అంచు ఇరుక్కుని పడినవారు మనకు తెలియనివారు కారు. ఇలాంటిచోట ఎత్తి కట్టుకోవడమో, మార్చుకోవడమో చేయాలి.

కారణం లేని నిషేధం వేరు. నిరుడు మన ప్రాంతపు డిప్లొమా కుర్రవాడు ఒక ప్రైవేటు సంస్థకు ఇంటర్వ్యూ కోసం వెళ్ళాడు. ఆనాడు శుక్రవారం. ప్యాంటు చొక్కాతోనే లోపలికి వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చాడు. ఎంపికైనట్లే మాట్లాడారు. మధ్యాహ్నం జుమా నమాజు చదివి, జుబ్బాతోనే కాగితాలు ఇవ్వడానికి తిరిగి వచ్చాడు. గేటు దగ్గర ఆపి, ఎక్కడివాడివి, ఏ మదరసా, ఎవరు పంపారు అని ప్రశ్నించారు. సాయంత్రానికి ఖాళీ లేదన్నారు. యంత్రం దగ్గర నిలబడే ప్రసక్తే లేని గణాంకాల ఉద్యోగం అది. ఎందుకు వద్దన్నారని అడిగితే నోటిమాటగానైనా కారణం చెప్పలేదు. వాడు ఇప్పుడు వేరేచోట పనిచేస్తున్నాడు. శుక్రవారం కూడా జుబ్బా వేసుకోవడం మానేశాడు. మనవాళ్ళలో కొందరు, మంచి బుద్ధి వచ్చిందని వాడిని మెచ్చుకున్నారు. మాకు మాత్రం ఆ మెప్పు మింగుడుపడలేదు.

ఇలాంటి సందర్భంలో ఏ కార్యాలయం తలుపు తట్టాలి? ప్రైవేటు ఉద్యోగంలో మతం కారణంగా వివక్ష చూపితే శిక్షించే సమగ్రమైన చట్టం మన దేశంలో లేదు. సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషను ఏర్పాటు చేయాలని సిఫారసు చేసింది. దాని రూపురేఖలను నిర్ణయించడానికి ఆచార్య ఎన్.ఆర్. మాధవ మేనన్ అధ్యక్షతన వేసిన నిపుణుల బృందం 2008లో ముసాయిదా బిల్లుతో సహా నివేదిక ఇచ్చింది. ఆ కమిషను నేటికీ రాలేదు. మన సంఘాలు ప్రతి ఎన్నికల ముందు షాదీఖానా, ఖబరస్తాను ప్రహరీగోడ అడుగుతాయి. అవి అవసరమే. ఆ వినతిపత్రంలో రెండవ అంశంగా సమాన అవకాశాల చట్టాన్ని కూడా చేర్చాలి. కనీసం రాష్ట్ర స్థాయిలోనైనా అలాంటి చట్టం తేవాలని మన శాసనసభ్యులను అడగాలి. ఇది ముస్లిములకు మాత్రమే పనికివచ్చే చట్టం కాదు. ఇంటిపేరు చూసి వెనక్కి పంపబడే దళిత యువకునికి, పెళ్ళైందని వద్దనిపించుకునే ఆడపిల్లకు కూడా అదే చట్టం అండ.

చట్టం వచ్చేదాకా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగం ఇవ్వనన్నప్పుడు మర్యాదగా, ఇంటర్వ్యూకు పిలిచిన ఈమెయిలుకే జవాబుగా, కారణం తెలియజేయమని రాయాలి. జవాబు రాకపోయినా ఆ ఉత్తరం ఆధారంగా మిగులుతుంది. దాని నకలుతో రాష్ట్ర మైనారిటీల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చు. రైలులో దుస్తులను బట్టి ఎవరైనా వేధిస్తే 139 నంబరుకు వెంటనే చెప్పాలి. పెట్టె నంబరు, సమయం రాసుకోవాలి. వాగ్వాదం పెంచకుండా పక్కవారి సాయం కోరాలి. మన అనుభవంలో తెలుగు నేల మీద రైలు పెట్టెలో నలుగురు మంచివారు ఎప్పుడూ ఉంటారు, వారిని పలకరించడమే మనం మరచిపోతున్నాము. పిల్లవాడు జుబ్బా వేసుకుని ఒంటరిగా రాత్రి ప్రయాణం చేయాలా వద్దా అనేది ఆ ఇంటివారు నిర్ణయించుకోవలసిన విషయం. వేసుకున్నా మానినా వాడి దీన్ మీద ఎవరూ వ్యాఖ్యానించరాదు.

మస్జిదు కమిటీలు కూడా ఒక తీర్మానం చేయాలి. ముందు వచ్చినవారు ముందు వరుస, దుస్తులు శుభ్రంగా, ధర్మం చెప్పిన హద్దులలో ఉంటే చాలు అని నోటీసు బోర్డు మీద తెలుగులోను, ఉర్దూలోను రాసిపెట్టాలి. పై సంఘటనలోని మేస్త్రీ ఇంటికి కమిటీవారు ఒకసారి వెళ్ళి రావడం కూడా న్యాయం.

చివరగా మన దర్జీల సంగతి. నేడు దుకాణాలలో దొరికే 'మొరాకన్' జుబ్బాలలో అధికభాగం మొరాకో ముఖం చూడనివి. ఎక్కడో యంత్రాలపై గుట్టలుగా కుట్టిన పాలిస్టరు సరుకు. బిట్రగుంట, బోగోలు, కావలిలలో మంచి దర్జీలు ఉన్నారు. రెడీమేడు బట్టల దెబ్బకు వారిలో చాలామంది ఇప్పుడు చిరుగులు కుట్టుకుంటూ, ప్యాంట్లు పొట్టి చేసుకుంటూ కాలం గడుపుతున్నారు. మంగళగిరి నూలు గుడ్డ నాలుగు మీటర్లు తీసుకుపోయి ఇస్తే మొరాకో కోత అయినా, ఒమాను మెడ అయినా, మన పాత తెలుగు జుబ్బా అయినా ఒంటికి సరిపడా కుట్టి ఇస్తారు. ముసుగు వద్దంటే అరమీటరు గుడ్డ మిగులుతుంది కూడా. లుంగీలకు చీరాల ఉండనే ఉంది. అయితే రంజాన్ చివరి పది రోజులలో గుడ్డ తీసుకుపోయి పండుగ నాటికి కావాలంటే వారు మాత్రం ఏమి చేయగలరు? షాబాన్ నెల సగం కాకముందే కొలతలు ఇచ్చి, సగం కూలి ముందుగా చెల్లించి రండి.